పాత పిస్తోలు – క్రొత్త పిస్తోలు

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును వశపరచుకొన్ననాటి ఆయుధములకును నేటివానికిని గల భేదము పసివారికైనను తెలియును. చూపునకు ఒక్కటిగానుండి పనిలో వేరగు ఆయుధముల సంగతి అట్లు కాదు. అట్టి జంట నొకదానిని పరిశీలింతము.

అమెరికా దేశీయుడు జాన్ బ్రౌనింగ్ ఆరంభింపగా, 1926లో ఆయన మరణించిన పిమ్మట బెల్జియమువాడైన ద్యుదొనే సేవ్ పూర్తిచేసిన 9 మిల్లీమీటర్ల ఉక్కు పిస్తోలు 1935లో వెలువడినది. పిడిలో నమర్చు పెట్టెలో 13 తూటాలు పట్టును. దీని ప్రతిరూపమే పశ్చిమ బెంగాలులోని ఈషాపూరు కర్మాగారమున తయారై మన సైన్యమునకును పోలీసులకును చేరినది. 2022లో బెల్జియము సంస్థ ఇంచుమించు అదే పేరుతో క్రొత్తదానిని వెలువరించినది. ఇదియు ఉక్కుదే. పెట్టెలో 17 తూటాలు పట్టును; మీటలు ఏ చేతికైనను అనువుగా నుండును. పాత పెట్టె దీనికి సరిపడదు.

అసలు భేదము మరియొకటి. పాతదానిలో తూటాల పెట్టెను తీసినచో ట్రిగ్గరు పనిచేయదు. ఈ యడ్డువలన ట్రిగ్గరు బరువెక్కుచున్నదని గురికాండ్రు సణుగుకొనిరి. క్రొత్తదానిలో అది లేదు. కనుక పెట్టెను తీసినను, గొట్టపు మొదట నిలిచిన యొక్క తూటా పేలగలదు.

పాతవానిలోను ఆ యడ్డును ఊడదీయించుకొన్నవారు కలరు. అందుచేత పిస్తోలు ఏదైనను సరే, పెట్టెను తీసి, పైభాగమును వెనుకకు లాగి, గొట్టపు మొదలు కన్నులార చూచిన పిదపనే అది ఖాళీయని నమ్మవలెనని మా మనవి. యంత్రము మారినను మారకూడనిది ఈ యలవాటొక్కటే.