చీర వెనక్కి తిప్పి చూడండి!

భూదాన్ పోచంపల్లి: 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా పెళ్లిళ్ల సీజను. పట్నం షాపులు మూతపడ్డాయి, ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి. నేసిన పట్టుచీరలు నేసినట్టే మాస్టర్ వీవర్ల ఇళ్లలో గుట్టలు పడ్డాయి. పట్టు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు.

అటువంటి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవారు కొనే ఒక్క చీరయినా నాలుగిళ్లకు ఆసరా. ఇక్కడి చీర ఒక్కరి పని కాదు మరి. ఆసు పోసేది ఇంటి ఆడవారు. చిటికి కట్టేది ఒకరు, రంగులద్దేది ఒకరు, మగ్గమెక్కేది ఇంకొకరు. ఆసు పోతలో తల్లి పడే భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కూలి చేతికొస్తే ముందు తీరేది వీధి చివరి కిరాణా బాకీ.

చిక్కల్లా మరోచోట ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు దక్కినా, అదే డిజైను అచ్చువేసిన మిల్లు చీరలు వందల రూపాయలకే దొరుకుతున్నాయి. పక్క ఊరివారు సైతం చవకని వాటికే చేయి చాస్తే ఆ డబ్బు మగ్గం గడప తొక్కదు.

పోల్చుకోవడం కష్టమేమీ కాదు. దారానికే ముందు రంగువేసి నేస్తారు గనుక అసలు చీర ముందూ వెనుకా ఒకేలా ఉంటుంది. అచ్చు చీర వెనుక వెలిసినట్టు కనిపిస్తుంది. సొసైటీలో గానీ, నేతవారి ఇంట్లో గానీ మడత విప్పమంటే ఎవరూ కాదనరు.