బర్మా తెలుగువారు: ప్రజకూ పౌరునికీ నడుమ

కె.కోటపాడు, చోడవరం ప్రాంతాలు నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. బ్రిటిషు పాలనలో ఇవి మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందినవి. ఆ జిల్లా నుండీ, గంజాం, గోదావరి జిల్లాల నుండీ వేలాది కూలీలు ఏటా ఓడలెక్కి రంగూను వెళ్ళేవారు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లులలో పనిచేయడం, వరికోతలు వారి జీవనాధారం. బర్మావారు వీరిని 'కొరంగీలు' అనేవారు. గోదావరి జిల్లాలోని కోరంగి రేవు పేరే దీనికి మూలం. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడి ఉన్నారు. రంగూను జనాభాలో సగానికి మించి వారే.

చట్టం దృష్టిలో వీరు ఎవరు? ఆనాడు భారత పౌరసత్వమనేది లేదు, బర్మా పౌరసత్వమూ లేదు. 1914 నాటి బ్రిటిషు జాతీయతా చట్టం ప్రకారం చక్రవర్తి ఏలుబడిలో జన్మించిన వారందరూ 'బ్రిటిషు ప్రజలు'. ప్రజ వేరు, పౌరుడు వేరు. పౌరునికి తన దేశంలో నివసించే హక్కు ఉంటుంది. ప్రజ వంతు విధేయత మాత్రమే. అతడు ఎక్కడ ఉండవచ్చునో, ఎంతకాలం ఉండవచ్చునో పాలకుని అవసరమే నిర్ణయిస్తుంది. బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రంగా ఉన్నంతకాలం ఈ భేదం కూలీల కంటబడలేదు.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పిలిపించి, సమ్మె ముగియగానే వారిని పంపివేశారు. దానితో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి వేరుపడింది. 1938 అల్లర్లలో భారతీయులపై, విశేషించి ముస్లింలపై దాడులు జరిగాయి. 1941 జూలైలో ఉభయ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం భారతీయుల రాకపై అనుమతి పత్రాల ఆంక్షలు విధించింది. పాలకుడు ఒక్కడే అయినా, ఒకే చక్రవర్తి ప్రజ మరో గడపలో పరాయివాడైనాడు.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడ్డాయి. రేవు పనులు ఆగిపోకూడదన్న తలంపుతో కూలీలను నగరంలో నిలిపివుంచే ప్రయత్నాలు జరిగాయి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైంది. నాలుగైదు లక్షల భారతీయులు కొందరు ఓడలపైనా, అత్యధికులు అరకాన్ కొండలగుండా, టము మీదుగా మణిపూరుకూ, హుకావ్ంగ్ లోయగుండా అస్సాంకూ కాలినడకన బయలుదేరారు. ఆకలితో, మలేరియా, కలరాలతో వేలాదిమంది దారిలోనే మరణించారు. శిబిరాలలోనూ, మార్గాలలోనూ తెల్లవారికి ఒక ఏర్పాటు, భారతీయులకు మరొక ఏర్పాటు అన్న ఆరోపణ ఆనాడే బలంగా వినవచ్చింది.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాలలో జన్మించిన వ్యక్తి 1942 జనవరి 1కి గాని, 1948 జనవరి 4కు గాని ముందరి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో నివసించి ఉంటే, అక్కడే స్థిరపడే ఉద్దేశంతో పౌరసత్వం కోరుకోవచ్చునని రాజ్యాంగం అనుమతించింది. పైకి ఇది ఉదారమైన నిబంధనే. కాని దీనికి దరఖాస్తు కావాలి, నివాసానికి ఋజువు కావాలి. మేస్త్రీ చేతిమీదుగా పనిలో చేరి, మేస్త్రీ చేతిమీదుగానే కూలి అందుకున్న నిరక్షరాస్యునికి ఎనిమిదేళ్ళ ఋజువు ఎక్కడిది? ఇటు భారత రాజ్యాంగం 8వ అధికరణం విదేశాలలోని భారత సంతతివారికి పౌరసత్వం కల్పించింది. అయితే అక్కడా రాయబార కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. రెండు కార్యాలయాలకూ వెళ్ళనివాడు రెండు దేశాలకూ చెందకుండా పోయాడు.

1962లో సైన్యం అధికారం చేపట్టింది. 1964లో దుకాణాలు జాతీయం కాగా, లక్షల భారతీయులు తిరిగివచ్చారు. ప్రభుత్వం వీరిని 'శరణార్థులు' అనక 'స్వదేశాగతులు' అన్నది. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంపు' ఆ రాకకు గుర్తుగా నిలిచిన పేరు. అక్కడే ఉండిపోయిన వారిపై 1982 పౌరసత్వ చట్టం వచ్చిపడింది. 1823కు పూర్వమే అక్కడ స్థిరపడిన జాతులకు అది ప్రథమస్థానమిచ్చి, తక్కినవారిని 'సహ పౌరులు', 'స్వీకృత పౌరులు' అనే శ్రేణులలోకి నెట్టింది. ఆ జాతుల జాబితాలో చోటులేని రోహింగ్యా ముస్లింలలో అత్యధికులు ఏ దేశపౌరులూ కాకుండా పోయారు.

కొరంగీ కూలీకీ రోహింగ్యా రైతుకూ భాష వేరు, చరిత్ర వేరు. అయినా ఇద్దరికీ ఎదురైన ప్రశ్న ఒక్కటే: "నీ కాగితం ఏదీ?" పనికి పిలిచిన రోజున ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మనిషి చెమటను లెక్కలోకి తీసుకొని అతని నివాసాన్ని లెక్కలోకి తీసుకోని చట్టం, వలస పాలకులు వెళ్ళిపోయినా వలస చట్టంగానే మిగులుతుంది.