భోజనశాలలో తుపాకి

ఆకలిగొని భోజనశాలకు వచ్చినవానికి ఎదుటి బల్లయొద్ద రైఫిలును భుజమున తగిలించుకొనిన మనుష్యుడొకడు కనబడెననుకొందము. అతడు లేచిపోవలయునా, పోలీసులను పిలువవలయునా, లేక చూచియు చూడనట్లు భుజించుచుండవలయునా? అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇది ఊహాప్రశ్న కాదు. అచ్చటి పెక్కు రాష్ట్రములలో తుపాకిని దాచక, పదుగురికి కనబడునట్లు ధరించి సంచరించుట చట్టసమ్మతము. ఇంటి వెలుపల సైతము ఆత్మరక్షణార్థము పిస్తోలు ధరించుట రాజ్యాంగమిచ్చిన హక్కని ఆ దేశపు సుప్రీముకోర్టు 2022 జూన్ నెలలో తీర్పు చెప్పినది. హక్కు సంగతి అట్లుండగా, భోజనమునకు వచ్చిన అతిథి క్షేమమును చూడవలసినవారెవరను ప్రశ్న మిగిలియేయున్నది. మా యభిప్రాయమున ఆ భారము భోజనశాల యజమానునిది. దానిని అతడు స్పష్టముగ వహింపవలయునే గాని వినయవాక్యములతో తప్పించుకొనరాదు.

2010వ సంవత్సరమున ఆయుధహక్కు వాదులు కొందరు స్టార్‌బక్స్ కాఫీ హోటళ్లలో తుపాకులతో సమావేశమగుచుండిరి. ఆయా రాష్ట్రముల చట్టమెట్లున్న నట్లే నడుచుకొందుమని ఆ కంపెనీ మొదట తటస్థముగ నుండెను. 2013 సెప్టెంబరులో కంపెనీ అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ బహిరంగలేఖ ప్రకటించి, తుపాకులను తమ హోటళ్లకు తేవలదని కోరెను. అయితే ఇది కోరికయే గాని నిషేధము కాదని ఆ లేఖయందే స్పష్టపరచెను. నిషేధమును అమలుపరుపవలెనన్న తమ ఉద్యోగులు సాయుధులకు ఎదురునిలువవలసివచ్చునని, వారినట్టి స్థితిలో నుంచుట తనకు సమ్మతము కాదని ఆయన చెప్పిన కారణములలో నొకటి. 2014 మే నెలలో టెక్సాసు రాష్ట్రమున కొందరు సైనికుల రైఫిళ్లను పోలిన తుపాకులతో చిపోట్లే భోజనశాలకు రాగా, ఆ కంపెనీయు ఇట్టి వేడికోలునే ప్రకటించెను. విచిత్రమేమనగా, ఆనాడు టెక్సాసులో పొడుగు తుపాకిని బాహాటముగ ధరింపవచ్చును గాని పిస్తోలును అట్లు ధరింపరాదు. 2016 జనవరి 1 నుండి లైసెన్సుగలవారికి ఆ యనుమతియు లభించెను. 2021 సెప్టెంబరు 1 నుండి అర్హులగు వయోజనులకు ఆ లైసెన్సుతోడను పనిలేకపోయెను.

ఎదుటి పక్షమువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1991 అక్టోబరు 16వ తేదీన టెక్సాసులోని కిలీన్ పట్టణమున లూబీస్ అను భోజనశాలలోనికి ఒకడు తన బండిని అద్దముల గుండ నడిపించుకొనివచ్చి, 23 మందిని కాల్చిచంపెను. అచ్చట భుజించుచున్న సుజానా హప్ యొక్క తల్లిదండ్రులిరువురును హతులైరి. నాటి చట్టమునకు వెఱచి ఆమె తన పిస్తోలును కారులోనే విడిచివచ్చియుండెను. అనంతరము ఆమె శాసనసభ్యురాలై ఆయుధధారణహక్కు కొఱకు పోరాడెను. ఆమె దుఃఖమును, ఆమె తర్కమును గౌరవింపకతప్పదు.

కాని ఆమె యుదంతము సమర్థించునది చేతిసంచిలో దాచుకొనిన పిస్తోలునే గాని, పదుగురు చూచుటకై భుజమున వ్రేలాడదీసిన రైఫిలును కాదు. కనబడు ఆయుధము చూచిన ప్రతివానిచేతను ఇతడెవడో, ఏల వచ్చెనోయని తర్కింపజేయును. ఆ తర్కమునకు ఆధారమేదియు నుండదు. సద్బుద్ధితో వచ్చినవాడును, హత్యకై వచ్చినవాడును మొదటి గుండు వెలువడునంతవరకు ఒకేరీతి నగపడుదురు. 2015 అక్టోబరు 31వ తేదీన కొలరాడో స్ప్రింగ్స్ నగరమున రైఫిలుతో తిరుగుచున్న యొకనిగూర్చి పొరుగింటి స్త్రీ పోలీసులకు టెలిఫోను చేయగా, ఈ రాష్ట్రమున బాహాటముగ ఆయుధము ధరింపవచ్చునని ఆమెకు సమాధానము వచ్చెను. కొలది నిమిషములలోనే ఆ మనుష్యుడు ముగ్గురిని చంపెను. వీధిలోనే నిర్ణయము ఇంత దుష్కరమైనప్పుడు, నలుగురు పిల్లలతో బల్లయొద్ద కూర్చున్న గృహస్థు ఏమి నిర్ణయింపగలడు?

ఈ విషయమున తెలుగువారికిని సంబంధము లేకపోలేదు. వేలకొలది తెలుగు కుటుంబములు ఆ దేశమున నివసించుచున్నవి. 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సాస్ రాష్ట్రపు ఒలేత పట్టణమున ఒక పానశాలలో హైదరాబాదు వాడైన తెలుగు ఇంజనీరు హతుడయ్యెను, అతని తెలుగు మిత్రుడు గాయపడెను. అడ్డుపడిన అమెరికను ఒకడును గుండుదెబ్బ తినెను. వారిని జాతిపేర దూషించినందుకు వెలుపలికి పంపబడిన వాడే తుపాకితో తిరిగివచ్చి యీ ఘాతుకమును చేసెను. అట్టివానిని ద్వారమున వ్రాసిన ప్రకటన యేదియు ఆపజాలదు. ఈ సంగతిని దాచి వాదించుట నిజాయితీ కాదు.

అయినను ప్రకటన నిష్ప్రయోజనము కాదు. టెక్సాసు చట్టమే యజమానునికి అధికారమిచ్చుచున్నది. ఆంగ్లమునను స్పానిషునను, అంగుళమునకు తక్కువగాని అక్షరములతో, చట్టము చెప్పిన మాటలను ద్వారమున కట్టినచో, ఆయుధముతో లోనికి వచ్చుట నేరమగును. ఆదాయమున నూటికి 51 వంతులు గాని, అంతకు మించి గాని అచ్చటనే త్రాగు మద్యమువలన వచ్చు స్థలములలో చట్టమే ఆయుధమును నిషేధించినది. ఇట్టి ప్రకటన యున్నచోట రైఫిలుతో అడుగిడినవాని యుద్దేశమును ఊహింపవలసిన పనిలేదు. అతడు ఆ యడుగుతోడనే నియమము నతిక్రమించినవాడు. పోలీసులను వెంటనే పిలువవచ్చును, పిలుపునకు కారణమును కలదు.

షుల్ట్జ్ చెప్పిన యిబ్బంది నిజమైనదే. జీతమునకై కాఫీ యందించు కుఱ్ఱవాడు సాయుధునితో వాదింపరాదు. అందుచేతనే యజమానుడు మూడు పనులు చేయవలయును: తన నిర్ణయమును ద్వారముననే వ్రాయవలయును, సేవకులు వాదింపక పోలీసులకు తెలుపవలసినదని ముందే ఆజ్ఞాపింపవలయును, ఆయుధములను అనుమతించువాడైనచో ఆ సంగతినైనను బాహాటముగ ప్రకటింపవలయును. అప్పుడు ఇష్టమున్నవారు లోనికి పోవుదురు, లేనివారు వేఱొకచోట భుజింతురు. వేడికోలు వాక్యముతో ఉభయులను సంతోషపెట్టజూచు యజమానుడు చివరకు ఆ భారమును బల్ల తుడుచువానిమీదను, భోజనమునకు వచ్చినవానిమీదను మోపినవాడగును. అన్నము పెట్టెదనని తలుపు తెఱచినవాడు వచ్చినవారికి అభయమును గూడ ఈయవలసియున్నది.