జాబితాలో మిగిలిన పేర్లు: అండమాన్ నికోబార్ ఆదివాసుల కథ

2010 జనవరి 26న దేశం గణతంత్ర దినోత్సవం జరుపుకుంటుండగా అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూశారు. ఆమె వయసు సుమారు 85 ఏళ్లు. 'బో' భాష మాట్లాడే చివరి మనిషి ఆమే. ఆ భాషలో పలకరించేవాళ్లు లేకుండానే ఆమె చివరి ఏళ్లు గడిచాయి.

'బో' అనే పేరు మాత్రం ప్రభుత్వ పత్రాల్లో ఇంకా ఉంది. అండమాన్ నికోబార్ షెడ్యూల్డ్ తెగలను గుర్తిస్తూ 1959లో ఇచ్చిన ఉత్తర్వులో 'అండమానీస్' అనే మాట కింద చరియార్, చారి, కోరా, టాబో, బో, యేరే, కేడే, బియా, బలావా, బోజిగియాబ్, జువాయి, కోల్ అని 12 పేర్లు రాశారు. ఒకప్పుడు సొంత నేల, సొంత మాట ఉన్న జనాల పేర్లివి. ఆ జనాలు ఏమయ్యారు?

1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను ఉంచడానికి బ్రిటిష్ వాళ్లు 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో స్థావరం పెట్టారు. అడవులు నరకడం మొదలైంది. మరుసటి ఏడాదే అండమానీలు విల్లంబులతో అబర్దీన్ దగ్గర తిరగబడి, తుపాకుల ముందు ఓడిపోయారు. సెల్యులార్ జైలు గురించి మేము బడిలో చదువుకున్నాం కానీ, ఈ పోరాటం గురించి ఒక్క పాఠం కూడా చదవలేదు.

తర్వాత వాళ్లను 'అండమాన్ హోమ్స్' అనే ఇళ్లలోకి చేర్చారు. అక్కడ సుఖవ్యాధులు, 1877లో తట్టు వాళ్లను తుడిచిపెట్టాయి. గ్రేట్ అండమానీలు 1901 జనగణనలో 625 మంది, 1961లో 19 మంది. మిగిలినవాళ్లను ఆ తర్వాత స్ట్రెయిట్ ద్వీపానికి తరలించారు. 2011లో వారి సంఖ్య 44. పిల్లలు మాట్లాడేది హిందీ. 'సారే' భాష తెలిసిన లీచో 2020 ఏప్రిల్‌లో చనిపోయారు.

పోయింది కొన్ని మాటలే కాదు. వీరి భాషల మీద ఏళ్ల తరబడి పనిచేసిన భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి, ఆ వ్యాకరణం మొత్తం మనిషి శరీర భాగాల చుట్టూ అల్లుకుని ఉందని చూపించారు. లోకాన్ని అలా చూసే తీరే పోయింది.

పేర్ల సంగతి కూడా చూడాలి. 'జరావా' అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. పొరుగు తెగ బియా వాళ్ల భాషలో దానికి పరాయివాళ్లని అర్థం. వాళ్లు తమను 'అంగ్' అని చెప్పుకుంటారు. సెంటినలీస్‌కు ఆ పేరు వచ్చింది ఇంగ్లిష్ వాళ్లు ద్వీపానికి పెట్టిన పేరు నుంచి. ఊరు పెట్టిన పేరుతో పిలిపించుకోవడం ఎలా ఉంటుందో వాడకు ఒకరు చెప్పక్కర్లేదు.

నికోబారీల కథ వేరు. 2011లో వాళ్లు 27 వేల పైచిలుకు. ఊళ్లు, తోటలు వాళ్ల చేతిలో ఉన్నాయి, భాష బతికే ఉంది. అది మన ఉత్తరాంధ్ర సవర భాష పుట్టిన ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికే చెందింది. నేల ఉన్నచోట భాష నిలబడుతుంది.

ఇప్పుడు ఆ నేలకే ముప్పు వచ్చింది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కట్టడానికి 2022లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. అది 2011 లెక్కలో 229 మంది ఉన్న షోంపెన్ల అడవి. 2004 సునామీలో తీరపు ఊళ్లు కోల్పోయి క్యాంప్‌బెల్ బే దగ్గర ఉంటున్న నికోబారీలు పాత ఊళ్లకు తిరిగి వెళ్తామంటున్నారు. అక్కడి గిరిజన మండలి ముందు ఇచ్చిన సమ్మతి పత్రాన్ని వెనక్కి తీసుకుంది.

శ్రీకాకుళం, విశాఖ నుంచి బతుకుతెరువుకు అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. అండమాన్ నికోబార్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు కాబట్టి, మన దళితులకు ఆ దీవుల్లో ఎస్సీ గుర్తింపు లేదు. ఆ హక్కు అడగాల్సిందే. అయితే మనం నిలబడి అడిగే నేల ఎవరిదో కూడా గుర్తుంచుకోవాలి.

చనిపోయిన భాషలకు నిఘంటువులు రాసుకోవడం అవసరమే. కానీ బతికున్నవాళ్లకు ముందు కావాల్సింది నేల, 'వద్దు' అన్నప్పుడు ఆ మాట చెల్లడం. షోంపెన్లు, నికోబారీలు ఒప్పుకోకుండా గ్రేట్ నికోబార్‌లో ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు. ఆ జాబితాలో ఖాళీ పేర్లు ఇప్పటికే చాలా ఉన్నాయి.