భాగం - 7: ఎలుగుబంటి దాడి నుంచి ఆత్మరక్షణ – తుపాకీ, తూటా ఎంపిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• తూటా శక్తిని గతిజశక్తి సూత్రంతో లెక్కించగలుగుతారు.
• శక్తికీ, చొచ్చుకుపోయే గుణానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• రైఫిల్, షాట్‌గన్, రివాల్వర్‌ల అనుకూలతలను, పరిమితులను పోల్చగలుగుతారు.
• తుపాకీ చివరి సాధనం మాత్రమే అని ఎందుకు అంటారో ఆధారాలతో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

మనిషి, వన్యప్రాణి ఎదురుపడే సందర్భాలను గురించి వెనుకటి భాగాల్లో చదువుకున్నారు. ఆ ఘర్షణలో మనిషి ప్రాణం కాపాడుకోవడం ఒక సమస్య అయితే, జంతువును అనవసరంగా చంపకుండా ఉండడం మరొక సమస్య. ఈ రెండూ ఒకేసారి ఎదురయ్యే ప్రాంతాల్లో అమెరికాలోని అలాస్కా రాష్ట్రం ముఖ్యమైనది. అక్కడ గోధుమరంగు, నల్ల, ధ్రువపు ఎలుగుబంట్లు మూడూ ఉన్నాయి. గోధుమరంగు ఎలుగులు సుమారు 30,000, నల్ల ఎలుగులు సుమారు లక్ష ఉంటాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా. చేపలు పట్టేవారు, భూగర్భ శాస్త్రవేత్తలు, అటవీ సిబ్బంది వాటి మధ్యనే పని చేయాలి. చట్టం అనుమతించడం వల్ల చాలామంది తుపాకీ వెంట తీసుకువెళతారు. "ఏ తుపాకీ, ఏ తూటా?" అన్న ప్రశ్న అక్కడ నిత్యజీవితానికి సంబంధించినది.

7.2 సమయం ఎంత ఉంటుంది?

తుపాకీ గురించి ఆలోచించే ముందు దాన్ని వాడవలసిన క్షణాన్ని అర్థం చేసుకోవాలి. గోధుమరంగు ఎలుగు గంటకు సుమారు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అంటే సెకనుకు 15 మీటర్లకు పైగా. 30 మీటర్ల దూరంలోని పొదలోంచి అది బయటపడితే మీకు దక్కేది రెండు సెకన్లు. ఆ వ్యవధిలోనే ప్రమాదాన్ని గుర్తించాలి, తుపాకీ తీయాలి, గురి చూడాలి, కాల్చాలి.

ఇంకొక చిక్కు ఉంది. చాలా సందర్భాల్లో ఎలుగు మీదికి దూసుకువచ్చి, కొద్ది దూరంలో ఆగి వెనుదిరుగుతుంది. ఇది బెదిరింపు మాత్రమే. నిజమైన దాడి ఏదో, బెదిరింపు ఏదో ఆ రెండు సెకన్లలో తేల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టం.

7.3 తూటా శక్తి

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, అందులోని మందు, దాన్ని అంటించే ప్రైమర్, ముందు అమర్చిన గుండు. తుపాకీ నుంచి వెలువడి లక్ష్యాన్ని తాకేది గుండు మాత్రమే. దాని శక్తిని మీకు తెలిసిన సూత్రంతోనే కనుక్కోవచ్చు:

గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × (వేగం)²

అలాస్కాలో ఎక్కువగా వినిపించే కొన్ని తూటాలకు ఈ సూత్రాన్ని వర్తింపజేద్దాం. తయారీని బట్టి ఈ విలువలు కొంత మారతాయి.

• .44 మాగ్నం (రివాల్వర్ తూటా, 1955): 15.6 గ్రాములు, సెకనుకు 410 మీటర్లు – సుమారు 1,300 జౌళ్లు
• 12 గేజ్ షాట్‌గన్ ఒంటిగుండు: 28.4 గ్రాములు, 475 మీటర్లు – సుమారు 3,200 జౌళ్లు
• .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ (రైఫిల్ తూటా, 1906): 14.3 గ్రాములు, 730 మీటర్లు – సుమారు 3,800 జౌళ్లు
• .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నం (రైఫిల్ తూటా, 1912): 19.4 గ్రాములు, 770 మీటర్లు – సుమారు 5,750 జౌళ్లు

.44 మాగ్నం, .30-06 గుండ్ల బరువులు దాదాపు సమానం. అయినా శక్తిలో మూడు రెట్ల తేడా ఉంది. శక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉండడమే దీనికి కారణం.

7.4 శక్తి ఒక్కటే చాలదు: చొచ్చుకుపోయే గుణం

పెద్ద ఎలుగుకు దట్టమైన బొచ్చు, దాని కింద కొవ్వు, బలమైన భుజ కండరాలు, మందమైన ఎముకలు ఉంటాయి. గుండు వీటన్నిటినీ దాటి మెదడును, వెన్నుపామును, గుండెను లేదా ఊపిరితిత్తులను చేరాలి. ఎంత శక్తి ఉన్నా పైపొరల్లోనే ఆగిపోయిన గుండు జంతువును గాయపరుస్తుంది తప్ప ఆపదు. గాయపడిన ఎలుగు మరింత ప్రమాదకరం.

మనుషుల నుంచి రక్షణకు తయారుచేసే బోలుముక్కు గుండ్లు శరీరాన్ని తాకగానే విచ్చుకుని త్వరగా ఆగిపోతాయి. ఎలుగు విషయంలో ఇది లోపం. ఇక్కడ బరువైన, గట్టి సీసపు మిశ్రమంతో పోసిన చదునుముక్కు గుండ్లు, లేదా విచ్చుకున్నా ముక్కలు కాకుండా బరువు నిలుపుకునే గుండ్లు కావాలి. ఇదే కారణంగా షాట్‌గన్‌లో చిన్న గుళ్లు పనికిరావు. మొత్తం శక్తి అనేక గుళ్లకు పంచబడి, ఒక్కొక్కటి తక్కువ లోతుకే వెళుతుంది.

అమెరికా అటవీ సేవా విభాగానికి చెందిన మీహన్, థిలేనియస్ 1983లో ఈ ప్రశ్నను ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. దాడి సాధారణంగా అతి సమీపం నుంచే జరుగుతుంది కనుక తూటాలను సుమారు 14 మీటర్ల దూరం నుంచి పరీక్షించారు. తాకే శక్తితోపాటు చొచ్చుకుపోయిన లోతు, గుండు విచ్చుకున్న తీరు, మిగిలిన బరువు కూడా కొలిచారు. .458, .375 వంటి పెద్ద కొలతల బరువైన గుండ్లు ముందు వరుసలో నిలిచాయి.

7.5 ఏ తుపాకీ?

పై లెక్కల ప్రకారం .375 రైఫిల్ తీసుకుంటే సరిపోతుందని మీకు అనిపించవచ్చు. కాని ప్రతి తుపాకీ కాల్చినవారిని వెనక్కి తన్నుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం గుండు ముందుకు పొందిన ద్రవ్యవేగానికి సమానంగా తుపాకీ వెనక్కి పొందుతుంది. గుండును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే:

• 4 కిలోల .30-06 రైఫిల్: 0.0143 × 730 ÷ 4 = సెకనుకు సుమారు 2.6 మీటర్లు
• 4 కిలోల .375 రైఫిల్: 0.0194 × 770 ÷ 4 = సుమారు 3.7 మీటర్లు
• 1.2 కిలోల .44 రివాల్వర్: 0.0156 × 410 ÷ 1.2 = సుమారు 5.3 మీటర్లు

శక్తిలో అన్నిటికంటే చిన్నదైన రివాల్వరే చేతిలో అన్నిటికంటే వేగంగా ఎగురుతుంది. సాధన లేనివారు రెండో గుండును గురిచూసి కాల్చలేరు. రైఫిల్‌ను భుజానికి ఆనించి స్థిరంగా కాల్చవచ్చు. కాని చేపలు పడుతున్నప్పుడు, బరువు మోస్తున్నప్పుడు అది చెట్టుకు ఆనించి ఉంటుంది. రివాల్వర్ ఎప్పుడూ నడుముకే ఉంటుంది. ఒంటిగుండు షాట్‌గన్ దగ్గరి దూరానికి శక్తిమంతమైనదే. అయితే అది బరువైనది, గట్టిగా తన్నుతుంది.

కాబట్టి ఎంపికకు సూత్రం ఇది: మీరు ఎప్పుడూ వెంట ఉంచుకోగలిగి, రెండు సెకన్లలో తీసి, గురితప్పకుండా ఒకటికి రెండుసార్లు కాల్చగలిగిన తుపాకుల్లో లోతుగా చొచ్చుకుపోయే తూటా గలదాన్ని ఎంచుకోవాలి. మోయలేని, అదుపు చేయలేని పెద్ద తుపాకీ కంటే సాధన చేసిన మధ్యస్థపు తుపాకీ మేలు.

7.6 గణాంకాలు ఏమి చెబుతున్నాయి?

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరేరో, వారి సహచరులు 1883 నుంచి 2009 వరకు అలాస్కాలో తుపాకీ ఉన్నవారికి ఎలుగు ఎదురైన 269 సంఘటనలను పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. పొడవాటి తుపాకులు 76 శాతం, చేతి తుపాకులు 84 శాతం సందర్భాల్లో ఎలుగును ఆపాయి. తుపాకీ వాడినవారికీ, వెంట ఉన్నా వాడనివారికీ మధ్య ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వైఫల్యాలకు ప్రధాన కారణాలు సమయం చాలకపోవడం, ఎలుగు మరీ దగ్గరికి రావడం, గురి తప్పడం, తుపాకీ మొరాయించడం. శక్తి చాలని తూటా కంటే తుపాకీని వాడలేని పరిస్థితులే ఎక్కువగా అడ్డుపడ్డాయి.

వీరే 2008లో మిరపకారపు సారంతో చేసిన ఎలుగు స్ప్రే గురించి మరో అధ్యయనం ప్రకటించారు. గోధుమరంగు ఎలుగులు ఎదురైన సందర్భాల్లో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం స్ప్రే వాటి ప్రవర్తనను ఆపింది. స్ప్రే వాడినప్పుడు దగ్గరలో ఉన్నవారిలో 98 శాతం మందికి గాయాలు కాలేదు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. స్ప్రే వాడిన సందర్భాల్లో కుతూహలంతో వచ్చిన ఎలుగులూ ఉన్నాయి. తుపాకీ సందర్భాల్లో ప్రమాదకరమైనవే ఎక్కువగా నమోదవుతాయి. అందువల్ల రెండు శాతాలను పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు. అయినా ఒక విషయం స్పష్టం. తుపాకీ చేతిలో ఉండడమే రక్షణ కాదు. శబ్దం చేస్తూ నడవడం, ఆహారాన్ని దూరంగా భద్రపరచడం, స్ప్రేను అందుబాటులో ఉంచుకోవడం ముందు వరుస రక్షణలు.

7.7 చట్టం: అలాస్కా, మన దేశం

అలాస్కాలో ప్రాణరక్షణకు ఎలుగును చంపవచ్చు. అయితే రెచ్చగొట్టి ఉండకూడదు, ఇతర మార్గాలు మిగిలి ఉండకూడదు. చంపినవారు గోళ్లతో సహా చర్మాన్ని, పుర్రెను ప్రభుత్వానికి అప్పగించి, 15 రోజుల్లో వివరాలు సమర్పించాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో ఎలుగులు ఎదురుపడే వార్తలు మీరు చదివే ఉంటారు. ఇక్కడిది వేరే జాతి. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. సదుద్దేశంతో, ప్రాణరక్షణ కోసం చంపడం నేరం కాదని సెక్షన్ 11 చెబుతుంది. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. రెండుచోట్లా ఉద్దేశం ఒకటే: ఆత్మరక్షణ పేరుతో వేట జరగకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 8 గ్రాముల 9 మి.మీ. పిస్టల్ గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో వెలువడితే దాని గతిజశక్తి ఎంత?
2. బోలుముక్కు గుండు ఎలుగుపై ఎందుకు తగదు?

7.8 సారాంశం

తూటా శక్తి ద్రవ్యరాశి, వేగాలపై ఆధారపడుతుంది. ఎలుగును ఆపేది మాత్రం గుండు చేరిన చోటు, చొచ్చుకుపోయిన లోతు. ఆ చోటును చేరేలా చేసేది సాధన. దాడికి ముందు దొరికే సమయం చాలా తక్కువ కాబట్టి, తుపాకీ అవసరం రాకుండా చూసుకునే అలవాట్లే మనిషినీ ఎలుగునూ కాపాడతాయి.

7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ఎలుగు నుంచి రక్షణకు తుపాకీని ఎంచుకునేటప్పుడు పరిగణించవలసిన అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2. 2008, 2012 అధ్యయనాల ఫలితాలను నేరుగా పోల్చడంలోని ఇబ్బందులను చర్చించండి.

ప్రగతి పరీక్ష జవాబులు: 1. 490 జౌళ్లు. 2. తాకగానే విచ్చుకుని, ముఖ్య అవయవాలను చేరకముందే ఆగిపోతుంది.