ఇంచీల లెక్కకు చిక్కని పైపు

హైదరాబాద్ అడిక్‌మెట్ గల్లీల్లో కాపురమున్న కారు స్టీరింగ్‌కు అసలు పరీక్ష ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు, ఇంటి ముందే. వంద వేగంతో నేరుగా పోతున్నప్పుడు పవర్ స్టీరింగ్ పంపుకు పెద్దగా పనే ఉండదు. ముందు స్కూలు ఆటో, వెనక ఎవరిదో బుల్లెట్, పక్కన కరెంటు స్తంభం. ఆ సందులో బండి నిలబెట్టి స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతామే, అప్పుడు పంపు తోసే నూనెను మోసే పైపులో ఒత్తిడి పతాకస్థాయికి చేరుతుంది. మామూలు కార్లలో అది సుమారు 70 నుంచి 100 బార్. టైర్లలో మనం కొట్టించే గాలి 2 బార్ల పైచిలుకు మాత్రమే. అందుకే పాతబడ్డ పైపు పగలాలనుకుంటే పార్కింగ్ దగ్గరే పగులుతుంది, నలుగురూ చూస్తుండగా.

కొత్తది కొనే ముందు, మీ బండికి అసలు ఆ పైపు ఉందో లేదో చూసుకోండి. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఇప్పుడు దాదాపు చిన్న కార్లన్నిటికీ పాకింది. అందులో నూనె లేదు, పైపు లేదు, ఈ వ్యాసంతో పనీ లేదు. క్వాలిస్, పాత ఇన్నోవా, స్కార్పియో వంటి బండ్లవారు మాత్రం బానెట్ ఎత్తి, మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న డబ్బా కోసం వెతకండి. ఉంటే మీది నూనెతో నడిచే హైడ్రాలిక్ స్టీరింగే. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లో రూపొందించిన ఈ హైడ్రాలిక్ పద్ధతి అమ్మకపు కార్లలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది.

ఆ డబ్బా నుంచి నూనె పంపుకు పోతుంది. పంపు నుంచి స్టీరింగ్ ర్యాక్‌కు పోయేది ప్రెషర్ పైపు, తిరిగి డబ్బాకు వచ్చేది రిటర్న్ పైపు. ఏది కారుతోందో తేల్చుకోకుండా దుకాణానికి వెళ్తే రెండూ కొనిపిస్తారు. అంతా శుభ్రంగా తుడిచి, ఇంజన్ నడుస్తుండగా ఒకరితో స్టీరింగ్ తిప్పించి చూడండి. నూనె కిందికి జారుతుంది కాబట్టి, అన్నిటికంటే పైన తడిసిన చోటే దోషి. చేత్తో తడిమి వెతకొద్దు. సూదిమొన రంధ్రం నుంచి అంత ఒత్తిడితో చిమ్మే నూనె చర్మంలోకి దూరితే వెళ్లాల్సింది మెకానిక్ దగ్గరికి కాదు, ఆసుపత్రికి. అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే చాలు.

రిటర్న్ పైపు వ్యవహారం తేలిక. ఒత్తిడి తక్కువ, రెండు క్లిప్పులతో బిగుస్తుంది. తేలికే కాబట్టి తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. సైజు కుదిరిందని హీటర్ పైపు ముక్క తొడిగేస్తారు. అది సాధారణంగా ఈపీడీఎం రబ్బరు. వేడినీళ్లకు మొండిఘటం, ఖనిజ నూనె తగిలితే మాత్రం నానిన శనగలా ఉబ్బి మెత్తబడుతుంది. అడగాల్సింది నూనెకు తట్టుకునే పైపు. మీద ఎస్‌ఏఈ జే189 అనే ప్రమాణం పేరు ఉంటే అది ఈ పనికే చేసింది.

అసలు మెలిక ప్రెషర్ పైపులో ఉంది. రాణీగంజ్ వైపు హైడ్రాలిక్ హోసులు కోసి, కొసలు క్రింప్ చేసి ఇచ్చే దుకాణాలున్నాయి. కౌంటర్ మీద మొదటి ప్రశ్న “ఎన్ని ఇంచీలన్నా?” రెండో ప్రశ్న ఉండదు. జేసీబీలకు వేసే ఉక్కు అల్లిక పైపు చూపించి, “ఇది పలగదు, సెట్ అయితది” అంటారు. పగలదన్న మాట నిజమే. కానీ స్టీరింగ్ పైపు పని పగలకుండా ఉండటం ఒక్కటే కాదు. పంపు నూనెను ఒకే ధారగా తోయదు, దఫదఫాలుగా తోస్తుంది. ఆ కుదుపును మింగడానికి కార్ల పైపులో దారపు అల్లిక వేసి, ఒత్తిడికి కాస్త వ్యాకోచించేలా చేస్తారు. ఎస్‌ఏఈ జే188 ప్రమాణం సరిగ్గా ఈ రకానికే. కొన్నిటిలో రబ్బరు లోపల సన్నటి గొట్టం ఇంకొకటి ఉంటుంది, చప్పుడు తగ్గించడానికి. ఉక్కు పైపు ఉబ్బదు, లోపలి గొట్టం పాత రబ్బరుతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. ఆ కుదుపులు ర్యాక్‌కు, అక్కణ్నుంచి మీ చేతులకు చేరతాయి. బండి మలుపు తిరిగినప్పుడల్లా మూలుగుతుంది. అప్పుడు పంపు పోయిందంటారు. అదొక కొత్త ఖర్చు.

కాబట్టి మొదటి ఎంపిక పార్ట్ నంబరుతో తెప్పించిన ఒరిజినల్, లేదా పేరున్న కంపెనీ చేసిన, దానికి సమానమైన పైపు. మోడల్ పేరు చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో పెట్రోలుకూ డీజిలుకూ పంపు ఉండే చోటు మారవచ్చు. ఛాసిస్ నంబరు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో విదేశీ పైపు చౌకగా కనిపిస్తే, అది ఎడమవైపు స్టీరింగ్ ఉన్న దేశానిదేమో చూసుకోండి. ఆ వంపులు మన బండిలో ఎటూ కుదరవు. తుక్కులోంచి తెచ్చిన పైపు మీ పాతదానికి ఈడుజోడే. రబ్బరు వయసు ఎవరి బానెట్ కింద గడిచినా వయసే.

ఏదీ దొరక్క క్రింప్ చేయించడమే గతి అయితే, పాత పైపు విప్పి చేత్తో పట్టుకెళ్లండి. కొసలు చూపించండి. బాంజో బోల్టు అయితే అది దూరే పైపు కొసకు రెండువైపులా కొత్త వాషర్లు కావాలి, ఓ-రింగ్ ఉంటే అదీ కొత్తదే. మర చూపుకు ఒకేలా ఉండి కొలతలో తేడా ఉండొచ్చు. చేత్తో సాఫీగా రెండు మూడు చుట్లు ఎక్కకపోతే స్పానర్‌తో ఒప్పించొద్దు. టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. ఇక్కడ నూనెను ఆపేది మర కాదు, వాషరో ఓ-రింగో. టేపు పీలికలు వాల్వులోకి పోవడమే మిగులుతుంది. పొడవు పాతదానంత ఉండాలి, మెలి పడకూడదు, సైలెన్సర్ గొట్టానికి దూరంగా నడవాలి, పాత బ్రాకెట్లలోనే కూర్చోవాలి. ఇంజన్ ఊగినప్పుడు లాగుడు పడని పైపే ఎక్కువకాలం బతుకుతుంది.

నూనె సంగతి చాలా బండ్లలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఎక్కువ బండ్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె), కొన్ని యూరప్ కార్లకు వేరే సింథటిక్ నూనె. ఒకదానికి బదులు మరొకటి పోస్తే సీళ్లు పాడవచ్చు. బ్రేక్ ఆయిల్ ఎన్నటికీ వద్దు. పోశాక ముందు చక్రాలు నేలకు తగలకుండా జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజన్ ఆపి స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ నూనె తగ్గినకొద్దీ పోయండి. బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేయండి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవద్దు. పంపు తన పూర్తి ఒత్తిడితో నూనెను కాచేది అప్పుడే.

వారం తర్వాత మళ్లీ బానెట్ ఎత్తి చూడండి. లీకు కొద్దిగానే ఉందని రోజూ నూనె పోసుకుంటూ తిరిగేవాళ్లున్నారు. నూనె తగ్గినా స్టీరింగ్ బరువుగానైనా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పోనిద్దాం అనిపిస్తుంది. కానీ పంపుకు కందెన కూడా ఆ నూనే. అది ఎండితే పంపు అరుగుతుంది, ఆ రజను ర్యాక్‌లోకి చేరుతుంది. పైపు దగ్గర మిగిల్చిన డబ్బు అప్పుడు ఆ రెండింటి ఖరీదులో కలిసిపోతుంది. పంపు, ర్యాక్ ధరలు ముందే కనుక్కుని దుకాణానికి వెళ్లండి, పైపు ధర దగ్గర బేరం ఎంతవరకు ఆడాలో తెలుస్తుంది.