చాప్లిన్, కీటన్ మూకీ కామెడీలు: ఫ్రీగా దొరికేవాటికి డిస్క్ ఎందుకు కొంటున్నారు?

చార్లీ చాప్లిన్, బస్టర్ కీటన్, లారెల్-హార్డీల మూకీ కామెడీలు ఫోన్‌లో వెతికితే చాలు, పైసా ఖర్చు లేకుండా బోలెడు కనిపిస్తాయి. అయినా వాటినే డీవీడీ, బ్లూ-రే డిస్కుల మీద డబ్బు పెట్టి కొని, జాగ్రత్తగా దాచుకునేవాళ్లు ఉన్నారు. ఇదంతా డబ్బున్నోళ్ల షౌక్ అని కొట్టిపారేయడానికి లేదు. ఫోన్‌లో కనిపించే సినిమా, డిస్క్ మీద ఉన్న సినిమా పేరుకు ఒకటే అయినా, చాలాసార్లు రెండూ ఒకటి కావు. ఆ తేడా ఎలా వచ్చింది? కొనేముందు ఏం చూసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే సినిమా, పది రకాల కాపీలు

మూకీల రోజుల్లో సినిమాను రీళ్లలో కొలిచేవారు. ఒక రీలు అంటే సుమారు 1,000 అడుగుల ఫిల్మ్. చిన్న కామెడీలు ఒక రీలో, రెండు రీళ్లో ఉండేవి. అంటే పది నిమిషాల నుంచి పాతిక నిమిషాల లోపు. జనం ఎగబడి చూసిన సినిమాను ఏళ్ల తరబడి తిప్పేవారు. తెగినచోట కత్తిరించి అతికించేవారు. హక్కులు చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమాని తనకు తోచినట్టు కోసేవాడు, మధ్యలో వచ్చే మాటల కార్డులు మార్చేవాడు.

చాప్లిన్ సినిమాలకే ఇది ఎక్కువగా జరిగింది. 1915లో ఎస్సనే కంపెనీకి ఆయన 'కార్మెన్' కథ మీద రెండు రీళ్ల పేరడీ తీశారు. ఆయన కంపెనీ వదిలి వెళ్లాక, పక్కన పడేసిన ముక్కలు, కొత్తగా తీసిన సీన్లు కలిపి దాన్ని నాలుగు రీళ్లు చేసి 1916లో విడుదల చేశారు. చాప్లిన్ కోర్టుకు వెళ్లినా ఓడిపోయారు. రెండు రీళ్ల నవ్వును నాలుగు రీళ్లకు సాగదీస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలా సాగదీసిన కాపీలే ఎన్నో ఏళ్లు జనంలో తిరిగాయి.

1916-17లో మ్యూచువల్ కంపెనీకి ఆయన తీసిన 12 కామెడీలది ఇంకో కథ. టాకీలు వచ్చాక, 1930ల మొదట్లో, వాటికి సంగీతం, చప్పుళ్లు జోడించి మళ్లీ విడుదల చేశారు. ఫిల్మ్ అంచున శబ్దం కోసం పట్టీ వేయాలి కాబట్టి బొమ్మలో ఎడమ వైపు కొంత పోయింది. పైగా మూకీలను చేత్తో తిప్పే కెమెరాలతో, ఎక్కువగా సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల దాకా తీసేవారు. టాకీ ప్రొజెక్టర్ 24 ఫ్రేములు తిప్పుతుంది. అందుకే పాత కాపీల్లో మనుషులు బొంగరాల్లా పరుగెడతారు. కామెడీ కోసం కావాలనే కొంత వేగం పెట్టేవారన్నది నిజమే. కానీ మనం చూసే ఆ గిలగిల అంతా చాప్లిన్ అనుకున్నది కాదు.

ఫ్రీగా దొరికే వాటిలో చాలావరకు ఇలాంటి కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. ముఖంలో కదలికే కనపడకపోతే చాప్లిన్‌లో గొప్పతనం ఏం తెలుస్తుంది?

మిగిలింది కొంచెమే

ఆ రోజుల్లో ఫిల్మ్ నైట్రేట్‌తో చేసేవారు. అది ఇట్టే అంటుకుంటుంది. అంటుకోకపోయినా సరిగా దాచకపోతే జిగురై, చివరికి పొడైపోతుంది. హెరాల్డ్ లాయిడ్ ఇంట్లోని ఫిల్మ్ గిడ్డంగి 1943లో తగలబడి ఆయన తొలినాటి కామెడీలు చాలా పోయాయి. టాకీలు వచ్చాక మూకీలకు గిరాకీ లేదని పారేసినవీ, ఫిల్మ్‌లోని వెండి కోసం కరిగించినవీ లెక్కలేనన్ని.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక నివేదిక ఇచ్చింది. 1912 నుంచి 1929 దాకా అక్కడ తీసిన దాదాపు 11 వేల పెద్ద మూకీల్లో 70 శాతం పూర్తిగా పోయాయని, అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అందులో తేలింది. పెద్ద సినిమాల గతే ఇదైతే, అసలు సినిమాకు ముందు వేసే చిన్న కామెడీలను ఎవరు పట్టించుకుంటారు?

ఇళ్లలో దాచినవే కాపాడాయి

ఇక్కడే కలెక్టర్ల పాత్ర వస్తుంది. ఇంట్లో సినిమా చూసుకోవడం వీడియో క్యాసెట్లతో మొదలైంది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన పాథే కంపెనీ 1922లోనే 9.5 ఎంఎం ఫిల్మ్‌తో ఇంటి ప్రొజెక్టర్ తెచ్చింది. 1923లో కొడాక్ 16 ఎంఎం తెచ్చింది. కొడాక్ ఊరూరా అద్దె లైబ్రరీలు కూడా నడిపింది. ఈ చిన్న ఫిల్మ్ తొందరగా అంటుకునే రకం కాదు, ఇంట్లో పెట్టుకోవడానికి వీలైనది. తర్వాత అమెరికాలో అయోవా రాష్ట్రంలోని బ్లాక్‌హాక్ ఫిల్మ్స్ సంస్థ పాత కామెడీలను 8 ఎంఎం, 16 ఎంఎం రీళ్లుగా ఇళ్లకు అమ్మింది.

ఫలితం ఏమైందంటే, స్టూడియో దగ్గరున్న అసలు నెగటివ్ పోయినా, ఎవరి ఇంట్లోనో పిల్లల పుట్టినరోజుకు వేసుకున్న కాపీ మిగిలింది. కొన్ని కామెడీలు ఈ రోజు ఉన్నాయంటే అలాంటి 16 ఎంఎం కాపీల వల్లే.

లారెల్-హార్డీల 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' (1927) మంచి ఉదాహరణ. వీధిలో మొదలైన పైల యుద్ధం ఊరంతా పాకుతుంది. మూడు వేలకు పైగా పైలు విసిరారని చెబుతారు. రాబర్ట్ యంగ్‌సన్ 1957లో తీసిన ఒక సంకలన చిత్రంలో ఆ యుద్ధంలో కొన్ని నిమిషాలు వాడుకున్నారు. అవి తప్ప ఆ రీలు మిగతాది పోయిందనే అందరూ అనుకున్నారు. 2015లో జాన్ మిర్సాలిస్ అనే కలెక్టర్ తన దగ్గరున్న రీళ్లు చూస్తుంటే, ఒకప్పుడు యంగ్‌సన్ దగ్గరున్న పూర్తి రెండో రీలు బయటపడింది. మొదటి రీలులో ఒక చిన్న ముక్క ఇప్పటికీ దొరకలేదు. ఆ చోట ఫొటోలు, కార్డులతో కథ చెబుతారు. దొరికినంత సినిమా 2020లో 'లారెల్ అండ్ హార్డీ: ది డెఫినిటివ్ రిస్టోరేషన్స్' డిస్కుల్లో వచ్చింది.

చాప్లిన్ పోలీసు వేషంలో కాసేపు కనిపించే 'ఎ థీఫ్ క్యాచర్' (1914) సంగతీ అంతే. మిషిగన్‌లో పాత సామాన్ల అమ్మకంలో ఒకరు కొన్న రీలులో అది బయటపడిందని 2010లో ప్రపంచానికి తెలిసింది. కీటన్ 'ది బ్లాక్‌స్మిత్' (1922)లో ఎవరూ చూడని సీన్లున్న వేరే వెర్షన్ 2013లో అర్జెంటీనాలో వెలుగు చూసింది.

రిస్టోరేషన్ అంటే ఏం చేస్తారు?

గీతలు తుడిచి మెరిపించడమే రిస్టోరేషన్ కాదు. ముందు ఆ సినిమా కాపీలు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి తెప్పిస్తారు. షాట్ తర్వాత షాట్ పక్కపక్కన పెట్టి పోల్చుతారు. ఒకదాంట్లో మొదలు బాగుంటుంది, ఇంకోదాంట్లో చివర. ఒకటి అమెరికాది, ఇంకోటి వేరే భాష కార్డులతో యూరప్‌లో తిరిగినది. విదేశాలకు రెండో నెగటివ్ పంపేవారు కాబట్టి అదే సీన్ వేరే కోణంలో, వేరే టేక్‌లో ఉండొచ్చు. ఏది అసలుకు దగ్గరో తేల్చి, మంచి ముక్కలు ఏరి కలుపుతారు. తర్వాత స్కానింగ్, బొమ్మ ఊగకుండా నిలబెట్టడం, సరైన వేగం పెట్టడం, కార్డులను అప్పటి అక్షరాల తీరులో మళ్లీ చేయడం, కొత్త సంగీతం.

బ్రిటన్‌లోని బీఎఫ్ఐ, ఇటలీలోని బొలోన్యా సినెమాథెక్, పారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ ఏళ్ల తరబడి మెహనత్ చేస్తే గానీ 1914 నాటి చాప్లిన్ కీస్టోన్ సినిమాలు 34 ఒక చోటికి రాలేదు. అవి 2010లో నాలుగు డీవీడీల సెట్‌గా వచ్చాయి. మనం డబ్బు పెట్టేది ఈ పనికి. సినిమా మీద హక్కులు ఎప్పుడో ముగిసిపోయినా ఈ పనికి ఖర్చవుతుంది. కొత్తగా కట్టిన సంగీతం మీద హక్కు కూడా ఉంటుంది. కాబట్టి డిస్క్ కాపీలు తీసి పంచడం సరికాదు.

కొనేముందు ఇవి చూసుకోండి

బాక్స్ మీద 'రీమాస్టర్డ్' అని రాసి ఉంటే నమ్మేయకండి. ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. ఏ ఆర్కైవ్ నుంచి, ఏ ఫిల్మ్ నుంచి తీశారో చెప్పారా లేదా చూడండి. నిజంగా పనిచేసినవాళ్లు ఆ విషయం దాచుకోరు, పుస్తకం వేసి మరీ చెబుతారు.

నిడివి పోల్చండి. ఒకే సినిమా రెండు డిస్కుల్లో వేర్వేరు నిమిషాలుంటే, సీన్లు తగ్గాయా, వేగమే మారిందా అని ఆలోచించాలి. బొమ్మలో తలలు, పక్కనున్న మనుషులు తెగిపోతే అది పూర్తి ఫ్రేమ్ కాదు. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటే గీతలతో పాటు అసలు వివరాలు కూడా తుడిచేశారని అర్థం. కొంచెం గీతలున్నా ముఖం కనిపించేదే మేలు.

తేడా తెలియాలంటే చాప్లిన్ మ్యూచువల్ కామెడీలతో మొదలుపెట్టండి. 2014లో ఫ్లికర్ ఆలీ వేసిన బ్లూ-రేలో పన్నెండూ ఉన్నాయి. 'ఈజీ స్ట్రీట్', 'ది ఇమ్మిగ్రెంట్' చూస్తే చాలు. తర్వాత కీటన్. 2016లో కినో లార్బర్ వేసిన సెట్‌లో 1917-23 మధ్య ఆయన చేసిన 32 చిన్న సినిమాలున్నాయి. అందులో 'వన్ వీక్' మొదట చూడండి. లారెల్-హార్డీల 1927 నాటి సినిమాలు 2023లో 'ఇయర్ వన్' పేరుతో వచ్చాయి.

ఒక మాట పిల్లల తల్లిదండ్రులకు. వీటిలో కొన్నిట్లో నల్లవారిని, వలస వచ్చినవారిని ఎగతాళి చేసే సీన్లున్నాయి. మంచి డిస్కుల్లో వాటిని కత్తిరించరు. పక్కన కూర్చుని చెప్పాల్సింది మనమే.

మన దగ్గర ఇబ్బందులు

డిస్కులకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది. డీవీడీకి ఇండియా కోడ్ 5, అమెరికాది 1, బ్రిటన్‌ది 2. బ్లూ-రేకు మనది సి, అమెరికాది ఎ, బ్రిటన్‌ది బి. తాళం లేని డిస్కులూ ఉన్నాయి. బాక్స్ వెనక చూసి, మీ ప్లేయర్‌కు సరిపోతుందని తేలాకే ఆర్డర్ పెట్టండి. తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో పెట్టుకోవాలి.

తక్కువ అమ్ముడయ్యే సినిమాలను కొందరు ఆర్డర్ వచ్చాక రాసి పంపుతారు. అలాంటి డీవీడీ అడుగు భాగం ఊదా రంగులో ఉంటుంది, ఫ్యాక్టరీలో ముద్రించింది వెండిలా ఉంటుంది. రాసిన డిస్క్ తొందరగా పాడయ్యే అవకాశం ఎక్కువ. ఎండ తగలనివ్వకండి, తేమ లేని అల్మారాలో నిలబెట్టి ఉంచండి.

హైదరాబాద్ మూకీలు ఏమయ్యాయి?

ఇదంతా అమెరికా, యూరప్ గొడవ అనుకోవద్దు. మన హైదరాబాద్‌లో కూడా మూకీలు తీశారు. 'బిలాత్ ఫేరత్' (1921) కామెడీతో పేరు తెచ్చుకున్న ధీరేన్ గంగూలీ, 1922లో ఇక్కడికి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. 'ది లేడీ టీచర్', 'ది మ్యారేజ్ టానిక్' లాంటివి ఈ ఊళ్లోనే తయారయ్యాయి. 1924లో 'రజియా బేగం' సినిమా చూపించాక నిజాం ప్రభుత్వం ఆదేశంతో ఆయన హైదరాబాద్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది గానీ, ఆయన హైదరాబాద్‌లో తీసిన సినిమాలు ఇవాళ మనం చూసే వీలు లేదు. మొత్తం దేశంలో తీసిన 1,300కు పైగా మూకీల్లో మిగిలినవి కొన్నే, వాటిలోనూ ముక్కలే ఎక్కువ.

అక్కడి కామెడీలకు ఇంటింటా కాపీలు ఉండేవి, మనవాటికి లేవు. తేడా అక్కడే ఉంది. అందుకే పాత హవేలీ ఖాళీ చేసేటప్పుడో, తాతల నాటి పెట్టె తెరిచినప్పుడో ఫిల్మ్ డబ్బా కనిపిస్తే కబాడీవాలాకు వేయకండి. ప్రొజెక్టర్ మీద పెట్టి తిప్పకండి, మంట దగ్గరికి తీసుకెళ్లకండి. పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు గానీ, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు గానీ కబురు చేయండి. అందులో ఏముందో వాళ్లు చూసి చెబుతారు.